వెన్నులో మత్తుసూది: నాడులకు కీడు ఎక్కడినుంచి వస్తుంది?

శస్త్రచికిత్స చేయవలసిన భాగం బొడ్డుకు దిగువన ఉన్నప్పుడు రోగిని పూర్తిగా నిద్రపుచ్చవలసిన పని లేదు. నడుము దగ్గర వెన్నుపూసల సందులో సన్నని సూది దింపి, రెండు మూడు మిల్లీలీటర్ల మందు ఎక్కిస్తే చాలు. కొద్ది నిమిషాలలో కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, తరువాత అసలు లేనట్లే అయిపోతాయి. రోగి మేలుకొనే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు. కత్తి తగిలిన సంగతి మాత్రం అతనికి తెలియదు. హెర్నియాకు, మోకాలి కీలు మార్పిడికి, అన్నిటికంటె ఎక్కువగా సిజేరియను కాన్పుకు ఈ పద్ధతినే వాడుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియనులే. వాటిలో ఎన్ని నిజంగా అవసరమన్నది వేరే ప్రశ్న. నడుములో మత్తుసూది వేయించుకొన్న మనిషి లేని తెలుగు బంధువర్గం ఉండదని మాత్రం చెప్పవచ్చు.

సూది ఎంత వ్యాపించిందో దానిని గురించిన భయం కూడా అంత వ్యాపించింది. "ఆ సూది పడ్డప్పటినుంచే నడుము పట్టేసింది" అనే మాట వినని వారు అరుదు. "కాళ్ళు పడిపోతాయట" అన్న మాటను కొంచెం గొంతు తగ్గించి చెప్పుకొంటారు. ఈ భయం పూర్తిగా నిరాధారమని అనడానికి వీలులేదు, ఎందుకంటే కాళ్ళు పడిపోయిన సందర్భాలు వైద్యచరిత్రలో ఉన్నాయి. అయితే అవి ఎందుకు పడిపోయాయని వెతికినకొద్దీ సూది, మందు అనే రెండు ముద్దాయిలతోపాటు అనుకోని ముద్దాయిలు ఎందరో బయటపడ్డారు. ఆ వెతుకులాట నూరేళ్ళకు పైగా సాగింది.

సూది చేరే చోటు

వెన్నెముక లోపల పొడవునా ఒక ఎముకల గొట్టం ఉంటుంది. అందులో వెన్నుపాము ఉంటుంది. దానిని మూడు పొరలు కప్పి ఉంటాయి. వెలుపలిది దళసరి అయిన వరాశిక, దానిని అంటుకొని సాలెగూడు వంటి లౌతికళ, వెన్నుపామునే అంటిపెట్టుకొని ఉండే పలుచని మృద్వి. లౌతికళకు మృద్వికి నడుమ నీటివలె తేటగా ఉండే మస్తిష్కమేరు ద్రవం నిండి ఉంటుంది. వెన్ను మత్తులో, అంటే స్పైనల్ పద్ధతిలో, మందు సరాసరి ఈ ద్రవంలో కలుస్తుంది. ఎపిడ్యూరల్ పద్ధతిలో సూది వరాశికను చీల్చకుండా దాని వెలుపలనే ఆగిపోతుంది. అక్కడి కొవ్వులో, నాడుల చుట్టూ మందు వ్యాపించి మెల్లగా లోపలికి ఇంకాలి గనుక దానికి ఎన్నో రెట్లు ఎక్కువ మందు కావాలి. ఆ చోట సన్నని గొట్టం ఉంచి గంటల తరబడి, రోజుల తరబడి కూడా మందు ఇవ్వవచ్చు.

మరి సూది వెన్నుపాములో గుచ్చుకోదా? ఇక్కడ ప్రకృతి మనిషికి ఒక సౌకర్యం చేసింది. గర్భంలో మూడవ నెల శిశువుకు వెన్నుపాము గొట్టం అంతటా నిండి ఉంటుంది. తరువాత ఎముకలు పెరిగినంత వేగంగా వెన్నుపాము పెరగదు. పుట్టేనాటికి దాని కొస మూడవ కటి పూస దగ్గర ఉంటుంది. పెద్దవారిలో సాధారణంగా మొదటి, రెండవ కటి పూసల మధ్యనే ముగిసిపోతుంది. అక్కడినుంచి దిగువకు పోయేవి విడివిడి నాడులు మాత్రమే. అవి ద్రవంలో వ్రేలాడుతూ గుర్రపు తోకలా కనిపిస్తాయి, శాస్త్రంలో వాటి పేరు కూడా అదే. నీళ్ళ తొట్టిలో వ్రేలాడుతున్న దారాలలోకి సూది దింపితే దారాలు ప్రక్కకు జరుగుతాయే గాని గుచ్చుకోవు. మూడవ కటి పూసకు దిగువన సూది వేయాలన్న నియమానికి ఆధారం ఇదే.

కీల్ నగరంలో ఒక సాయంకాలం

ఈ మత్తును మొదట శస్త్రచికిత్సకు వాడినవాడు జర్మనీ దేశంలోని కీల్ నగరంలో పనిచేసిన ఆగస్ట్ బియర్. నడుములో సూది వేసి ద్రవం తీసే విధానాన్ని 1891లో అదే నగరంలో క్వింకే వివరించి ఉన్నాడు. 1898 ఆగస్టు 16న బియర్ చీలమండ క్షయతో ఉన్న ఒక కూలీకి ఆ దారినే కొకెయిన్ ఎక్కించి, నొప్పి తెలియకుండా ఆపరేషను చేశాడు. మరి కొందరికి కూడా చేసిన తరువాత, వారిలో కొందరికి తలనొప్పి, వాంతులు రావడం చూసి, ఆ అనుభవం ఏమిటో తనపైనే తెలుసుకోదలచాడు.

ఆగస్టు 24న సహాయకుడు హిల్డెబ్రాంట్ బియర్ నడుములో సూది దింపాడు. పిచికారీ ఆ సూదికి సరిగా అమరలేదు. మందు కారిపోయింది, దానితోపాటు బియర్ వెన్నులోని ద్రవం కూడా చాలా కారిపోయింది. అప్పుడు పాత్రలు మారాయి. బియర్ హిల్డెబ్రాంట్‌కు 5 మిల్లీగ్రాముల కొకెయిన్ ఎక్కించి, అతని కాళ్ళను సూదితో పొడిచి, చుట్టతో కాల్చి, సుత్తితో కొట్టి చూశాడు. హిల్డెబ్రాంట్‌కు నొప్పి తెలియలేదు. ఇద్దరూ ఆ రాత్రి మద్యం త్రాగి, చుట్టలు కాల్చి సంతోషించారు. మరునాటినుంచి హిల్డెబ్రాంట్ వాంతులతో, కాళ్ళపై కమిలిన దెబ్బలతో బాధపడ్డాడు. బియర్‌కు లేచి కూర్చుంటే విపరీతమైన తలనొప్పి, పడుకుంటే లేదు. అది తొమ్మిది రోజులు వదలలేదు.

ఆశ్చర్యమేమంటే మందు వంటబట్టని బియర్‌కే తలనొప్పి ఎక్కువ కాలం ఉన్నది. అంటే దోషం కొకెయిన్‌ది కాదు, కారిపోయిన ద్రవానిది. దీనిని హైస్కూలు భౌతికశాస్త్రంతోనే వివరించవచ్చు. మనిషి మెదడు బరువు సుమారు 1400 గ్రాములు. మస్తిష్కమేరు ద్రవంలో తేలుతూ ఉండడం వల్ల, ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం, దాని బరువు అక్కడ 50 గ్రాములంత మాత్రమే తోస్తుంది. వరాశికలో పడిన రంధ్రంగుండా ద్రవం కారిపోతూ ఉంటే ఆ ఊతం తగ్గుతుంది. మనిషి నిలుచున్నప్పుడు మెదడు కొంచెం క్రిందికి జారి, దానిని పట్టి ఉంచిన పొరలను, రక్తనాళాలను లాగుతుంది. పడుకుంటే ఆ లాగుడు ఉండదు, నొప్పీ ఉండదు. అరుదుగా కంటిని బయటి వైపుకు త్రిప్పే ఆరవ కపాలనాడి కూడా ఈ లాగుడుకు లోనై, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది.

రంధ్రం చిన్నదైతే కారడం తగ్గాలి కదా. 1956లో అమెరికాలో వాండమ్, డ్రిప్స్ అనే వైద్యులు పదివేల పైచిలుకు వెన్ను మత్తులను పరిశీలించినప్పుడు నూటికి 11 మందికి ఈ తలనొప్పి కనిపించింది. సూదులు సన్నబడ్డాయి. కోసుకుపోయే మొనకు బదులు 1951లో హార్ట్, విటేకర్ పెన్సిలు మొన వంటి సూదిని ప్రవేశపెట్టారు. నేడు సన్నని పెన్సిలు మొన సూదితో ఈ తలనొప్పి వచ్చేది నూటికి ఒకరికో ఇద్దరికో. ఎపిడ్యూరల్ వేసే లావు సూది పొరపాటున వరాశికను చీలిస్తే మాత్రం సగం మందికి పైగా వస్తుంది. దానంతట అది తగ్గనప్పుడు రోగి చేతి నరంలోని రక్తాన్నే 15, 20 మిల్లీలీటర్లు తీసి నడుములో వరాశిక వెలుపల ఎక్కిస్తారు. రక్తం గడ్డకట్టి రంధ్రానికి అతుకు వేస్తుంది. 1960లో గోర్మ్‌లీ అనే శస్త్రవైద్యుడు, సూది వేసేటప్పుడు రక్తం పడిన రోగులకు తలనొప్పి తక్కువగా ఉండడం గమనించి, ఈ ఉపాయం కనిపెట్టాడు.

మన ఆసుపత్రులలో వెన్ను మత్తు తరువాత ఒక రోజంతా తలగడ లేకుండా వెల్లకిలా పడుకోబెట్టే ఆచారం ఇంకా చాలాచోట్ల ఉన్నది. పడుకోవడం వచ్చిన తలనొప్పికి ఉపశమనమే గాని, రాకుండా ఆపదని పరిశోధనలు తేల్చాయి. బాలింతను ఇరవైనాలుగు గంటలు కదలనివ్వకపోవడంలో లాభం లేదు.

1947 అక్టోబరు 13

తలనొప్పి బాధిస్తుంది, పోతుంది. ఈ మత్తు పరువు తీసినది పక్షవాతం. ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో 1947 అక్టోబరు 13న ఇద్దరు మధ్యవయస్కులకు చిన్న ఆపరేషనులు జరిగాయి, ఒకరికి బుడ్డకు, ఒకరికి మోకాలికి. ఇద్దరికీ మత్తు ఇచ్చిన వైద్యుడు ఒకడే, మందు కూడా ఒకటే: నూపర్‌కెయిన్. ఇద్దరికీ కాళ్ళు పడిపోయాయి, తిరిగి రాలేదు. వైద్యగ్రంథాలలో వారి పేర్లతో దీనిని వూలీ–రో కేసు అంటారు.

దావా 1953లో విచారణకు వచ్చింది. నూపర్‌కెయిన్ గాజుబుడ్లను సూక్ష్మజీవులు అంటకుండా ఫినాల్ ద్రావణంలో ముంచి ఉంచేవారు. గాజులో కంటికి కనబడని పగుళ్ళు ఏర్పడి, వాటిగుండా ఫినాల్ లోపలికి ఇంకి, మందుతోపాటు వెన్నులోకి పోయి నాడులను దహించిందన్నది ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు మెకింటాష్ సాక్ష్యం. న్యాయస్థానం దానిని అంగీకరించింది. అయితే అటువంటి పగుళ్ళు ఉండవచ్చునని 1947లో ఎవరికీ తెలియదు గనుక వైద్యుడిది నిర్లక్ష్యం కాదని తీర్పు చెప్పింది. 1954లో అప్పీలు కోర్టులో డెన్నింగ్ ప్రభువు కూడా, తరువాత తెలిసిన విషయంతో ముందు జరిగినదానిని కొలవరాదని అదే తీర్పును నిలబెట్టాడు.

న్యాయశాస్త్రానికి అది గొప్ప తీర్పు. విజ్ఞానశాస్త్రానికి మాత్రం అందులో ఒక చిక్కు మిగిలిపోయింది. కంటికి కనబడని పగులు ఎంత అరుదో, అటువంటివి రెండు బుడ్లకు ఒకే ఆసుపత్రిలో ఒకే రోజున పడడం అంతకంటె ఎన్ని రెట్లు అరుదు! ఒకే రోజున రెండు ప్రమాదాలు జరిగితే, ఆ ఇద్దరికీ సమానమైనది ఏమిటని వెతకడం మంచి పద్ధతి. 1990లో హటర్ అనే వైద్యుడు ఈ కేసును మళ్ళీ తిరగవేసి అదే పని చేశాడు. ఆ రోజుల్లో సూదులను, పిచికారీలను నీటి మరుగుపాత్రలో ఉడికించి శుద్ధిచేసేవారు. కఠినజలం మరిగి మరిగి పాత్ర లోపల సున్నపు పెచ్చు కడుతుంది. దానిని వదలగొట్టడానికి ఆమ్లం పోస్తారు. ఆమ్లంతో శుద్ధిచేసిన పాత్రను సరిగా కడగకుండానే ఆ ఉదయం సూదులు ఉడికించి ఉంటారనీ, వాటికి అంటుకొన్న ఆమ్లమే ఇద్దరి వెన్నులోకి పోయి ఉంటుందనీ హటర్ నిర్ణయం. నలభైమూడేళ్ళ తరువాత దానిని ప్రయోగంతో రుజువు చేయడం సాధ్యం కాదు. అయినా ఫినాల్ పగుళ్ళకంటె ఈ కారణమే ఆ రోజు జరిగినదానికి సరిగా అతుకుతుంది.

మొత్తంమీద మందుది తప్పు కాదు, సూది వేసిన చేతిదీ కాదు. కాని బ్రిటనులో వెన్ను మత్తు ఇంచుమించు ఒక తరం పాటు మూలబడింది. 1950లో న్యూయార్క్ నాడీవైద్యుడు ఫాస్టర్ కెన్నెడీ ఈ మత్తు వల్ల కలిగే పక్షవాతాల గురించి తీవ్రంగా వ్రాసిన వ్యాసం అమెరికాలోనూ భయాన్ని పెంచింది. దానికి సమాధానం 1954లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చింది. డ్రిప్స్, వాండమ్ 8,460 మంది రోగులకు ఇచ్చిన 10,098 వెన్ను మత్తులను ముందునుంచి నమోదుచేసి, తరువాత కూడా వెన్నంటి చూశారు. తీవ్రమైన శాశ్వత నాడీవ్యాధి వారికి కనిపించలేదు. భయపెట్టినవి విడివిడి కథలు, ధైర్యమిచ్చినది లెక్క.

పాకంలా పేరుకొన్న మందు

అలాగని మందు ఎప్పుడూ నిర్దోషి అని కాదు. వెన్ను మత్తు మందులో సాధారణంగా గ్లూకోజు కలుపుతారు. దానివల్ల అది మస్తిష్కమేరు ద్రవంకంటె బరువై, రోగిని ఎటు వంచితే అటు పల్లానికి ప్రవహిస్తుంది. మత్తు ఎంత ఎత్తుకు ప్రాకాలో వైద్యుడు బల్లను వంచి నిర్ణయించగలగడం ఈ బరువు వల్లనే. 1980 దశకం చివర వెన్నులో ఉంచి కొద్దికొద్దిగా మందు ఇవ్వడానికి వెంట్రుక వంటి గొట్టాలు వచ్చాయి. సూదిలోనుంచి మందు వేగంగా చిమ్మి ద్రవంలో కలిసిపోతుంది. వెంట్రుక గొట్టంలోనుంచి బొట్టుబొట్టుగా వచ్చిన మందు కలియక, గ్లాసు అడుగున పాకం పేరుకొన్నట్లు త్రికం దగ్గరి పల్లంలో పేరుకొన్నది. పై భాగానికి మత్తు చాలలేదని వైద్యులు మళ్ళీ మళ్ళీ ఎక్కించారు. అడుగున ఉన్న గుర్రపుతోక నాడులు నూటికి 5 పాళ్ళ గాఢత గల లిడోకెయిన్‌లో నానిపోయాయి. మూత్రంపై అదుపు పోయి, పిరుదుల మధ్య స్పర్శ పోయిన రోగుల వివరాలు 1991లో ప్రకటితమయ్యాయి. మరుసటి ఏడే అమెరికా ప్రభుత్వం ఆ సన్నగొట్టాలను వాడుకనుంచి తప్పించింది. ఇక్కడ విషమైనది మందు స్వభావం కంటె అది ఒకచోట పేరుకొనడం.

సూది స్వయంగా గుచ్చుకొన్న సందర్భాలు కూడా ఉన్నాయి. 2001లో రెనాల్డ్స్ అనే వైద్యురాలు వెన్నుపాము కొస దెబ్బతిన్న ఏడుగురు స్త్రీల వివరాలు ప్రకటించింది. సూది దిగేటప్పుడే వారందరికీ నొప్పి తెలిసింది. తరువాత పాదం ఎత్తలేకపోవడం వంటి లోపాలు మిగిలాయి. నియమం తెలిసి కూడా సూది పైకి ఎందుకు పోయింది? రెండు ప్రక్కల తుంటి ఎముకల శిఖరాలను కలిపే గీత నాలుగవ కటి పూస దగ్గర పోతుందని లెక్కించి, వ్రేళ్ళతో తడిమి సందును గుర్తిస్తారు. 2000లో వైద్యులు తడిమి చెప్పిన సందును అయస్కాంత ప్రతిధ్వని చిత్రంతో సరిచూస్తే, నూటికి 29 సార్లే సరిపోయింది. చాలా సార్లు వారు అనుకొన్నదానికంటె ఒక సందు పైన ఉన్నది. స్థూలకాయులలో ఇది మరింత తప్పుతుంది. సూది వేసేటప్పుడు కాలిలోకి మెరుపులా నొప్పి పాకితే రోగి ఓర్చుకొని ఊరుకోరాదు, వెంటనే చెప్పాలి. మేలుకొని ఉన్న రోగి మాటే అక్కడ వైద్యుడికి హెచ్చరిక గంట.

ఇప్పటి కాలంలో పక్షవాతానికి ముఖ్యకారణం వేరొకటి. సూది త్రోవలో చిన్న సిర చిట్లడం సాధారణమే, మామూలు మనిషిలో రక్తం వెంటనే గడ్డకట్టి ఆగిపోతుంది. రక్తాన్ని పలుచబరచే మందులు వాడుతున్న వారిలో ఆగదు. ఎముకల గొట్టం వ్యాకోచించదు గనుక లోపల పోగైన రక్తం వెన్నుపామును నొక్కి, దానికి రక్తప్రసారం లేకుండా చేస్తుంది. 1993లో ఇనాక్సపారిన్ అనే అటువంటి మందు అమెరికాలో వాడుకలోకి రాగా, నాలుగేళ్ళలోనే ఇలాంటి పక్షవాతాలు ఎన్నో నివేదితమై, 1997 డిసెంబరులో ప్రభుత్వం హెచ్చరిక జారీచేసింది. స్వీడనులో 1990–99 మధ్య జరిగిన సుమారు 17 లక్షల మత్తుల లెక్క ఇంకా విశదమైనది. కాన్పుకోసం ఎపిడ్యూరల్ తీసుకొన్న పడుచు స్త్రీలలో ఈ రక్తపుగడ్డ రెండు లక్షలకు ఒకరికి వచ్చింది; మోకాలి కీలు మార్చుకొన్న వృద్ధ స్త్రీలలో 3,600 మందికి ఒకరికి. సూది అదే, పద్ధతి అదే, మనిషి వేరు. వయస్సుతో ఇరుకైన ఎముకల గొట్టం, ఒంట్లో ఉన్న మందులు ఇంత తేడా తెచ్చాయి. అందువల్ల ఇనాక్సపారిన్ నివారణ మోతాదుకు 12 గంటలు, చికిత్స మోతాదుకు 24 గంటలు గడిస్తేనే గాని నడుములో సూది వేయరు. ఏ మాత్రలు వాడుతున్నారో మత్తు వైద్యుడు గుచ్చి గుచ్చి అడగడం ఇందుకే. ఇంట్లో పెద్దలు "ఏదో గుండెమాత్ర" అని తేల్చివేయకుండా చీటీ చూపించడం మేలు.

సూక్ష్మజీవుల వల్ల చీముగడ్డ, మెదడు పొరల వాపు కూడా రావచ్చు. వైద్యుడి నోటిలో ఉండే సూక్ష్మజీవులే రోగి వెన్నులో దొరికిన సందర్భాలున్నాయి. ముఖానికి గుడ్డ కట్టుకోవడం అలంకారం కాదు.

ఎంత అరుదు?

బ్రిటనులో 2006–07లో దేశమంతటా ఒక ఏడాది ఇచ్చిన ఇటువంటి మత్తులను లెక్కించగా 7,07,455 అని తేలింది. వాటి వల్ల శాశ్వతమైన హాని లక్షకు ఎందరికి జరిగిందో 2009లో ప్రకటించినప్పుడు రెండు సంఖ్యలు ఇచ్చారు: 4.2, 2.0. మత్తు వల్లనే అని రూఢిగా చెప్పలేని వారిని కూడా కలిపితే మొదటి సంఖ్య, కలపకపోతే రెండవది. సందేహాన్ని దాచకుండా రెండు సంఖ్యలుగా చూపడం ఉపాధ్యాయులు తరగతిలో ఎత్తిచూపదగిన పద్ధతి. కాన్పు మత్తులలో హాని మరీ తక్కువ. పెద్ద ఆపరేషనుల కోసం పెట్టిన ఎపిడ్యూరల్‌లలో ఎక్కువ.

కాన్పు తరువాత కాలు తిమ్మిరి, పాదం జారడం కనిపిస్తే నింద వెంటనే సూదిమీద పడుతుంది. షికాగోలో 6,057 మంది బాలింతలను పరీక్షించినప్పుడు నూటికి ఒకరికంటె కొంచెం తక్కువమందికి ఇటువంటి లోపం కనిపించింది. మత్తుసూదికీ దానికీ సంబంధం కనబడలేదు. తొలిచూలు కావడం, ముక్కులు పడే కాలం దీర్ఘం కావడం దానితో ముడిపడి ఉన్నాయి. కటివలయంలో బిడ్డ తల నాడులను నొక్కుతుంది, కాళ్ళు మడిచి చాలాసేపు ఉంచితే మోకాలి ప్రక్క నాడి నలుగుతుంది. వీటిలో చాలావరకు వారాలలో, నెలలలో నయమవుతాయి. నడుము నొప్పి సంగతి కూడా ఇటువంటిదే. సూది పడిన చోట కొద్దిరోజులు నలిగినట్లుండడం నిజం. ఏళ్ళ తరబడి ఉండే నొప్పి ఎపిడ్యూరల్ తీసుకొన్న తల్లులలోను, తీసుకోని తల్లులలోను ఒకే తీరున ఉన్నదని పరిశోధనలు చూపాయి. గర్భంతో సడలిన కీళ్ళు, వంగి బిడ్డను ఎత్తడం, పాలివ్వడానికి గంటల తరబడి కూర్చోవడం ఎవరి కంటా ముద్దాయిలుగా కనబడవు. సూది మాత్రం జ్ఞాపకం ఉంటుంది.

వీటన్నిటినుంచి అసలైన ప్రమాదాన్ని వేరుచేసి చూపేది గడియారం. వెన్ను మత్తు సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలలో దిగిపోవాలి. మొదట వ్రేళ్ళు కదలాలి, తరువాత మోకాలు ముడుచుకోవాలి. మత్తు దిగవలసిన వేళకు దిగకపోయినా, దిగిన కాళ్ళు మళ్ళీ బరువెక్కినా, నడుములో తీవ్రమైన నొప్పి పుట్టినా, మూత్రం ఆగిపోయినా అది రక్తపుగడ్డ కావచ్చు. "మందు ఇంకా దిగలేదులే, తెల్లవారాక చూద్దాం" అనుకొంటే కాలం మించిపోతుంది. 1994లో ప్రకటితమైన 61 సందర్భాల సమీక్షలో, కాళ్ళు పడిపోయిన ఎనిమిది గంటలలోపున వెన్నెముక తెరచి గడ్డను తీసివేసినవారే బాగా కోలుకొన్నారు. ప్రక్కన కూర్చున్న బంధువు కూడా గంటకొకసారి "కాలి వ్రేళ్ళు కదపండి" అని అడిగి చూడవచ్చు. కదలకపోతే ఆ సంగతి ఆ రాత్రే నర్సుకు, మత్తు వైద్యుడికి చెప్పాలి.